ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుక

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు.
కట్టిన గోడను గుప్పెడు గుప్పెడుగా
విప్పి చూడమని ఎవరూ అనలేదు.
నేను ఉత్తరపు గోడ విప్పుతున్నాను.

క్రూజ్ కొండల్లో సెప్టెంబరు.
సున్నానికీ మంచుకూ పడదు,
అక్టోబరు సగం దాటితే తాపీ ముట్టుకోవద్దని
పక్కింటి లేయోనార్ వేలు చూపించి మరీ చెప్పాడు.
ఎనభై ఒకటో ఏట ఆ వేలు కూడా తాపీలాగే వంకర.
వాళ్ళ తాతలు ఇక్కణ్ణించి పారిస్‌కు
కాలినడకన వెళ్ళి, గోడలు లేపి,
కాలినడకనే తిరిగొచ్చినవాళ్ళు.
వాళ్ళింటి కప్పు మాత్రం ఇప్పటికీ కారుతుంది.

మాది రెండడుగుల మందం గోడ.
బూడిదరంగు రాయి, లోపల మట్టి,
రాయికీ రాయికీ మధ్య సిమెంటు.
నలభై ఏళ్ళ కిందట మార్సియల్ పెట్టింది.
వాన లోపలికి రాదన్నాడు. రాలేదు.
లోపలి చెమ్మ బయటికీ పోలేదు.
పడగ్గది గోడకాగితం మీది గులాబీలు
కింది నుంచి నల్లబడుతూ వచ్చాయి,
తర్వాత ఉప్పు పొంగింది,
తర్వాత అల్మారా వెనక
ఒక పుట్టగొడుగు మొలిచింది.
దాన్ని చూసి ఇద్దరం నవ్వాం.
ఆ తర్వాత చాలా రోజులు మాట్లాడుకోలేదు.

సుత్తి, ఉలి, కళ్ళకు అద్దాలు.
రాయిని కొట్టకూడదు, సందును కొట్టాలి.
పెరట్లో కుర్చీ వేసుకుని మార్సియల్:
కొత్త తుంటి, పాత పేపరు.
ఒక్కో పెళ్ళ రాలినప్పుడల్లా దగ్గుతాడు,
పేజీ మాత్రం తిప్పడు.

నాకు కోపం లేదని అనను.
ముప్పై ఏళ్ళు ఈ మలుపుల్లో
స్కూలు బస్సు నడిపినదాన్ని,
ఎవడు ఎక్కడ బ్రేకు వెయ్యడో తెలుసు.
సందు సందులోనూ అతని మొండితనమే తగిలింది.
ఉలి మొన రెండుసార్లు వంగింది.

పదకొండో రోజు, వంటింటి కిటికీ కింద,
ఉలి నానిన రొట్టెలో దిగినట్టు దిగింది.
పైపైన బూడిద కలిపిన పూత,
వెనక సిమెంటు లేదు.
ఎర్రమట్టి, కాస్త సున్నం,
ఎవరి గుర్రానివో నాలుగు వెంట్రుకలు.
చెయ్యి పెట్టి చూశాను.
పొడి.
మొత్తం గోడలో అదొక్కటే,
బారెడు మేర,
పొడి.

వెనక్కి తిరిగాను.
"బస్తాలు అయిపోయాయి"
అంది పేపరు వెనక నుంచి ఒక గొంతు.
"కొట్టువాడు ఇక అప్పివ్వనన్నాడు.
లేయోనార్‌ని ఒక బకెట్టు సున్నం అడిగాను,
గుంటలోంచి మట్టి తవ్వాను,
రాత్రి పెట్టాను, నువ్వు చూడకుండా."

గోడలకు చెవులుంటాయంటారు.
మా గోడకు నోరూ ఉంది,
నలభై ఏళ్ళు మూసుకుని కూర్చుంది.
ఆ ముసలి లేయోనార్ కూడా అంతే.

ఆ బారెడు నేను ముట్టుకోలేదు.
మిగతాదానికి కలిపాను:
ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుక,
నీళ్ళు చూసి చూసి.
ఉండ చేస్తే నిలవాలి, అరచేతికి అంటకూడదు.
నింపేముందు రాళ్ళను తడపాలి,
లేకపోతే ఎండిన రాయి
సున్నంలో నీళ్ళన్నీ తాగేస్తుంది.
ఒకరు తడుపుతుంటే ఒకరు నింపాలి.
ఒక్కదాన్నే రెండూ ఎలాగా అని చూస్తుంటే
కుర్చీ కిర్రుమంది.
ఒక చేత ఊతకర్ర,
ఒక చేత గులాబీలకు మందు కొట్టే పంపు.
"ఎక్కణ్ణించి?" అన్నాడు.
"పై నుంచి" అన్నాను.

చీకటి పడేసరికి
కిటికీ దగ్గర్నుంచి వాననీటి గొట్టం దాకా వచ్చాం.
వేళ్ళ సందుల్లో సున్నం కరిచింది,
ఒకే బేసిన్లో వెనిగర్ పోసుకుని కడుక్కున్నాం.
ఈ రాత్రే తొలి మంచు అంటోంది రేడియో.
తడి గోడకు కప్పే గోనెపట్టాలు నాలుగే ఉన్నాయి.
ఐదో చోటికి దండెం మీంచి
అతని చలికోటు తీశాను.
చూశాడు.
"జేబులో కళ్ళజోడుంది" అన్నాడు.